పట్టిక ?? చూడుము

విశ్వవిద్యాలయంలో ఆకుపచ్చ సిరా వాడే అర్హత పదకొండు మందికి ఉంది. నెల మొదటి సోమవారం పొద్దున పన్నెండోవాడు పట్టుబడ్డాడు.

పట్టుబడినవాడి పేరు గోనుగుంట వీరరాఘవులు. అధికారి కాదు. సిద్ధాంత గ్రంథాల కూర్పు విభాగంలో ఆపరేటరు. పరిశోధన చేసిన ప్రతివాళ్లూ తమ గ్రంథాన్ని ఆ గదిలోనే కూర్పించుకోవాలి. ప్రతి పేజీ అడుగున ఆ గది యంత్రం సంఖ్య పడాలి. పడకపోతే పరీక్షల విభాగం తీసుకోదు. ఎందుకని అడిగినవాళ్లు లేరు. అడిగే అలవాటున్నవాళ్లు పరిశోధన దాకా రారు.

రాఘవులు పదిహేనో ఏట సీసపు అక్షరాలు పేర్చే పనిలో చేరాడు. ప్రెస్సులు మూతపడి సీసం తూకానికి పోయాక లేటెక్ అనే కూర్పు పద్ధతి నేర్చుకున్నాడు. అందులో రాసేటప్పుడు పేజీ కనపడదు. మామూలు అక్షరాల్లో రాసుకుంటూ పోవాలి. ఇది అధ్యాయం పేరు, ఇది పట్టిక, ఇది సమీకరణం అని మధ్యమధ్య ఆజ్ఞలివ్వాలి. చివరికి మీట నొక్కితే యంత్రం అంతా చదువుకుని పేజీలు కట్టి ఇస్తుంది. రాసేవాడు తికమకపడకుండా తెర మీద ఆజ్ఞలు నీలంగా కనిపిస్తాయి, సమీకరణాలు గోధుమరంగులో. శాతం గుర్తు పెట్టి రాసుకున్న సొంత గమనికలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. అవి అచ్చులో పడవు. తెరిచిన ఫ్లవర్ బ్రాకెట్‌ను మూయడం మరిచిపోతే అక్కడ ఎర్రబడుతుంది. వేళ్లకు కళ్లుండవు గనక ఈ ఏర్పాటు.

తనిఖీకి వచ్చినవారు డిప్యూటీ రిజిస్ట్రార్ సర్వోత్తమరావు గారు. ఆకుపచ్చ సిరా కోసం ఆయన పంతొమ్మిదేళ్లు ఎదురుచూశారు. పోయిన నెలే దక్కింది. జేబులో కలం ఇంకా కొత్తవాసన కొడుతోంది.

"ఇదేమిటి?" అన్నారు తెర మీద వేలు పెట్టి.

"గమనిక సార్. నాలుగో పట్టిక వెడల్పెక్కువైంది, తర్వాత చూసుకోవాలని రాసుకున్నా."

"విషయం అడగలేదు. ఇది ఏ రంగు?"

"ఆకుపచ్చ సార్."

"మీ క్యాడర్ ఏమిటి?"

రాఘవులు చెప్పాడు. సర్వోత్తమరావు గారు నొచ్చుకున్నట్టు కళ్లు మూసుకున్నారు.

"నేను వెయ్యలేదు సార్. దానంతటదే వేసుకుంటది."

"అయితే యంత్రం క్యాడర్ ఏమిటి?"

రాఘవులు కాసేపు ఆలోచించాడు. "కొన్నప్పుడు ఫర్నిచర్ పద్దులో కొన్నారు సార్."

"అంటే ఈ గదిలో ఫర్నిచర్ ఆకుపచ్చ సిరా వాడుతోంది," అన్నారు సర్వోత్తమరావు గారు. అన్నాక తలుపు దగ్గర ఆగి, ఇంకోసారి తెర వైపు చూశారు. ఆ చూపులో కోపం కన్నా దిగులెక్కువ.

మర్నాడు మెమో వచ్చింది. సూపరింటెండెంట్ కరీముల్లా దాన్ని చదివి వినిపించాడు. కరీముల్లా ముప్పై ఏళ్లుగా మెమోలు చదువుతున్నాడు, ఏది చదివినా ఒకటే గొంతు.

"సిద్ధాంత కూర్పు విభాగమందలి తెరపై అర్హత లేని స్థాయిలో ఆకుపచ్చ వర్ణము వినియోగింపబడుచున్నట్లు గమనించడమైనది. ఇకమీదట సదరు వర్ణములో వచ్చు ప్రతి పంక్తిని అర్హతగల అధికారి స్వహస్తముతో నమోదు చేయవలెను. అర్హతగల అధికారి: దిగువ సంతకము చేసినవారు." కరీముల్లా కాగితం మడిచాడు. "ఆయనే వచ్చి టైపు చేస్తాడంట అన్నా. నువ్వు పక్కన కూర్చో."

ఆ సమయానికి యంత్రంలో ఉన్న గ్రంథం ముప్పాళ్ల చెంచులక్ష్మిది. ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. కాలువ చిట్టచివరి ఊరి పిల్ల. పై ఊళ్లవాళ్లు రెండు పంటలు తడుపుకున్నా, చివరి పొలాల దగ్గరికి వచ్చేసరికి ఆ కాలువలో కప్ప కూడా ఉండదు. ఏ తూము తలుపు ఏ రోజున ఎన్ని అంగుళాలు ఎత్తితే చివరి ఎకరం దాకా నీళ్లు పారతాయో ఆమె లెక్క కట్టింది. ఎనిమిదేళ్లు పట్టింది. విశ్వవిద్యాలయం ఇచ్చే గడువు కూడా ఎనిమిదేళ్లే. ఈ నెల ముప్పై ఒకటి సాయంత్రం ఐదులోపు గ్రంథం అందకపోతే ఎనిమిదేళ్లూ రద్దవుతాయి. కాలువల ఇంజినీరు దామోదరం ఆమెకు ముందే చెప్పాడు: "లెక్క బాగానే ఉందమ్మా. విశ్వవిద్యాలయం ఆమోదించిన కాగితం పట్రా, అప్పుడు తలుపు ముట్టుకుంటా. లేకపోతే పై ఊళ్లవాళ్లు నన్ను ముట్టుకుంటారు."

మెమో సంగతి విని ఆమె, "పోన్లే బాబాయ్, గమనికలేగా. అచ్చులో పడేయి కాదుగా," అంది.

అంతటితో ఆగితే అది ఆఫీసు కాదు.

సర్వోత్తమరావు గారు రోజూ పదకొండింటికి వచ్చేవారు. ఆయన కుర్చీ మీద తువ్వాలు ముందే వచ్చి పరుచుకునేది. రాఘవులు పక్కన నిలబడి, "నాలుగో పట్టిక వెడల్పు చూడాలి అని కొట్టండి సార్," అనేవాడు. ఆయన ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టేవారు. మొదటి అక్షరం ఆకుపచ్చగా పడగానే ఆయన ముఖం పసిపిల్లవాడి ముఖంలా విచ్చుకునేది. రెండో రోజుకు రాఘవులు చెప్పనక్కర్లేకుండానే "చూచితిని", "చర్చించుడు", "సత్వర చర్యకై" అని కొట్టడం మొదలుపెట్టారు. మూడో రోజున కొత్త సంగతి కనిపెట్టారు. అప్పటికే ఉన్న ఏ పంక్తి ముందయినా సరే శాతం గుర్తు పెడితే ఆ పంక్తి మొత్తం ఆకుపచ్చగా మారుతుంది.

"ఇది సౌకర్యంగా ఉన్నది," అన్నారు. "ప్రతి పంక్తినీ చదివి, ఆమోదించదగిన వాటికి గుర్తు పెడతాను. మీరు టీ తాగి రండి."

రాఘవులు టీకి వెళ్లాడు. అది అతను చేసిన తప్పు. ఒప్పుకోవాలి.

నాలుగో రోజు చెంచులక్ష్మి వచ్చి పేజీలు తిరగేసింది. మూడో అధ్యాయం ముప్పై ఎనిమిది పేజీలుండాలి. తొమ్మిదే ఉన్నాయి.

"బాబాయ్, మూడో అధ్యాయం ఎండిపోయిందే?"

రాఘవులు తెర చూశాడు. నల్లగా ఉండాల్సిన చోట పచ్చగా, వరిచేనులా ఉంది. నేరుగా డిప్యూటీ రిజిస్ట్రార్ గదికి నడిచాడు.

"సార్, మీరు గుర్తు పెట్టిన పంక్తులు అచ్చులో పడట్లేదు."

"పెట్టనివి?"

"అవి పడతన్నయి."

సర్వోత్తమరావు గారు కలం కింద పెట్టారు. "నేను ఆమోదించినవి మాత్రమే మాయమవుతున్నాయి. దీని వెనక ఎవరున్నారు?"

"ఆ గుర్తుకు అర్థమే అది సార్. ఇది నా సొంత మాట, అచ్చెయ్యొద్దు అని."

"అధికారి పెట్టిన గుర్తుకు అచ్చెయ్యొద్దని అర్థమా?"

సర్వోత్తమరావు గారు వెంటనే లేచి వచ్చారు, సంగతి స్వయంగా చూస్తానని. వచ్చి తెర ముందు కూర్చున్న నిమిషానికి, ఆయన చేతి కిందే ఒక బ్రాకెట్ ఎర్రబడింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఎరుపు ఆడిట్ వారిది," అన్నారు మెల్లిగా. "ఆడిట్ వారు ఈ గదికి వచ్చారా?"

"రాలేదు సార్."

"మరి ఈ తప్పు పట్టిందెవరు?"

"యంత్రం సార్. మీ వేలు తగిలి బ్రాకెట్ పోయింది. అది చూపిస్తంది."

"తప్పు చెయ్యడం ఎవరైనా చెయ్యవచ్చు. పట్టే అధికారం ఆడిట్ శాఖకే." ఆయన చెమట తుడుచుకున్నారు. "రంగులన్నీ ఆపివేయండి. నల్లగా ఉంచండి. నలుపు విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు."

రంగులు ఆపాడు. తెర చీమలు పట్టిన గోడలా అయింది. ఆ నల్లటి చీమల్లో శాతం గుర్తుల్ని ఒక్కొక్కటిగా ఏరి తీసేసరికి రాఘవులుకు మూడు రోజులు పట్టింది. మూడో అధ్యాయం ముప్పై ఎనిమిది పేజీలకు మళ్లీ వచ్చింది.

కాని సర్వోత్తమరావు గారి మనసు కుదుటపడలేదు. మాయమైన పంక్తుల విషయంలో రేపు ఎవరైనా తననే అడుగుతారేమోనని ఆయన భయం. భయపడ్డ అధికారి ఊరుకోడు, నిబంధన పెడతాడు. పదిహేనో తేదీన ఆయన కంప్యూటర్ సెంటర్ వాళ్లను వెంటబెట్టుకొని వచ్చి, గ్రంథం ఉన్న ఫోల్డరు తెరిపించారు.

"ఒక గ్రంథానికి ఇన్ని ఫైళ్లెందుకు?"

"గ్రంథం ఇదొక్కటే సార్. మిగతావి యంత్రం తన కోసం రాసుకునేయి. ఇదిగో, దీన్ని ఆక్స్ అంటారు. సహాయక ఫైలు. ఏ పట్టికకు ఏ అంకె పడింది, ఏ అధ్యాయం ఏ పేజీలో వచ్చింది అని ఇందులో గుర్తు పెట్టుకుంటది."

"ఇది ఎప్పుడు రాస్తుంది?"

"మీట నొక్కినప్పుడల్లా సార్. పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటది."

"చెరిపేసి?"

"అవున్సార్."

"రోజుకు ఎన్నిసార్లు నొక్కుతారు?"

"లెక్కపెట్టలా. అరవై, డెబ్బై."

సర్వోత్తమరావు గారు కూర్చున్నారు. కరీముల్లా నీళ్ల గ్లాసు తెచ్చాడు. "రోజుకు డెబ్బై రికార్డుల ధ్వంసం," అన్నారు ఆయన, నీళ్లు తాగాక. "పన్నెండేళ్లుగా. ఈ గదిలో. ఎవరి అనుమతీ లేకుండా."

"అది చిత్తుకాగితం సార్."

"చిత్తుకాగితమో కాదో నిర్ణయించేది మీరు కాదు. రికార్డుల విసర్జన కమిటీ."

మెమో అక్కడే, నిలువుకాళ్ల మీద తయారైంది. ఇకమీదట సహాయక ఫైలు పుట్టిన మరుక్షణం దానికి తాళం పడుతుంది. చెరపరాదు, మార్చరాదు. మార్చవలెనన్న కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త గ్రంథాన్ని మొదటిసారి నడపడానికి మాత్రం అనుమతి అక్కర్లేదు, ఎందుకంటే అప్పటికి ధ్వంసం కావడానికి ఏమీ ఉండదు. ఈ వాక్యం రాసుకుని సర్వోత్తమరావు గారు తనలో తాను తృప్తిపడ్డారు. తర్కం ఎక్కడా తెగలేదు.

చెంచులక్ష్మి గ్రంథం విషయంలో దయదలిచి, తాళం వేసే ముందు ఒక్కసారి నడపనిచ్చారు. సాక్షులుగా కంప్యూటర్ సెంటర్ వాళ్లిద్దరూ, కరీముల్లా నిలబడ్డారు.

"ఒక్క గంట ఆగండి సార్," అన్నాడు రాఘవులు. "బ్రాకెట్లన్నీ చూసుకుంటా. రంగుల్లేక అవుపడట్లేదు."

"గంటా? వీళ్లకు వేరే పని లేదా? నడపండి."

నడిపాడు. ఐదో అధ్యాయం పేరు దగ్గర ఒక బ్రాకెట్ మూయలేదు. రంగులుంటే ఎర్రగా అరిచేది. నల్లటి తెరలో నోరు మూసుకుని కూర్చుంది. యంత్రం అక్కడ తడబడి సగంలో ఆగింది. సహాయక ఫైలు కూడా సగం వాక్యంలో ఆగింది. తాళం పడింది. సాక్షులు సంతకాలు చేశారు.

రాఘవులు బ్రాకెట్ వెతికి మూశాడు. మీట నొక్కాడు. అదే తప్పు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"మూశావుగా బాబాయ్?" అంది చెంచులక్ష్మి.

"గ్రంథంలో మూశా. చీటీలో మూయలా." రాఘవులు కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "టైలరు దగ్గరికి పోతావు. కొలతలు తీసి చీటీ మీద రాసుకుంటాడు. తర్వాత ఆ చీటీ చూసి కుడతాడు. ఇదీ అంతే. మొదటిసారి నడిపితే కొలత. రెండోసారి నడిపితే కుట్టు. చీటీలో చెయ్యి నలభై గజాలని పడిందనుకో, టైలరేం చేస్తాడు?"

"చించేసి మళ్లీ కొలుస్తాడు."

"చించొద్దన్నారు. వీళ్లకు చీటీయే చొక్కా."

"ఇంకా పదహారు రోజులుంది," అంది చెంచులక్ష్మి.

"కమిటీకి అది చాలదు," అన్నాడు రాఘవులు. ధైర్యం చెప్పడం అతనికి చేతకాదు.

దరఖాస్తు పెట్టారు. విసర్జన కమిటీలో ముగ్గురుండాలి. సర్వోత్తమరావు గారు అధ్యక్షులు. గ్రంథాలయాధిపతి సభ్యుడు. మూడో సభ్యుడు సంబంధిత విషయంలో నిపుణుడై ఉండాలి. సహాయక ఫైళ్ల నిపుణుడు విశ్వవిద్యాలయంలో లేడు. ఉన్న ఒక్కడూ దరఖాస్తు పెట్టినవాడు కాబట్టి పనికిరాడు. వారం రోజులు వెతికి, అప్పుడు ఖాళీగా ఉన్నారని సంస్కృతాచార్యులను వేశారు.

ఇరవై తొమ్మిదిన సమావేశం. సహాయక ఫైలును అచ్చు తీసి ముగ్గురి ముందూ పెట్టారు. నలభై ఒక్క పేజీలు. రాఘవులును తలుపు దగ్గర నిలబెట్టారు, అడిగితే చెప్పడానికి. చెంచులక్ష్మి బయట బల్ల మీద కూర్చుంది.

సంస్కృతాచార్యులు రెండు పేజీలు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"సూత్రశైలి," అన్నారు. "క్రియాపదం లేదు. అనవసరమైన అక్షరం లేదు. ప్రతి పంక్తీ పేరు, సంఖ్య, స్థానం. అంతే. పూర్వులు ఇట్లా రాసేవారు."

"కర్త ఎవరు?" అన్నాడు గ్రంథాలయాధిపతి.

"కర్త లేడండీ," అన్నాడు రాఘవులు. "యంత్రం."

"అపౌరుషేయం," అన్నారు ఆచార్యులు భక్తిగా.

గ్రంథాలయాధిపతి చివరి పేజీ తిప్పాడు. "వాక్యం మధ్యలో ఆగిపోయిందే."

"అసంపూర్ణ కృతి," అన్నారు ఆచార్యులు. "అటువంటివాటిని నాశనం చేయడానికి నా చెయ్యి రాదు. తరువాతివారు పూరించుకుంటారు."

"అయ్యా, ఆ అమ్మాయికి ఎల్లుండితో గడువు," అన్నాడు రాఘవులు.

సర్వోత్తమరావు గారు అతని వైపు చూశారు. కటువుగా కాదు. నిజంగా జాలితోనే చూశారు. "గడువు పరీక్షల విభాగానిది. మేము రికార్డుల పక్షాన కూర్చున్నాం. రెండు కుర్చీల్లో ఒకేసారి కూర్చోమంటావా?"

తీర్మానం ఏకగ్రీవం. సదరు సహాయక ఫైలును శాశ్వతముగా భద్రపరచవలెను. దాని మీద దుమ్ము పడకుండా తగు చర్యలు తీసుకొనవలెను. ఒక అట్టపెట్టె మంజూరైంది.

రాఘవులు బయటికి వచ్చాడు. చెంచులక్ష్మి బల్ల మీద జరిగి చోటిచ్చింది.

"మా నాయన మొన్న ఫోన్ చేశాడు బాబాయ్," అంది. "నారు ముదిరిపోతందంట. నీ పుస్తకం ఎప్పుడొచ్చిద్దే అని అడిగాడు. ఆయనకు చదువు రాదు. నా పుస్తకం కోసం ఊళ్లో ఆయనొక్కడే ఎదురుచూస్తన్నాడు."

"రేపొక్కరోజు ఆలోచిస్తా," అన్నాడు రాఘవులు.

ముప్పయ్యో తేదీ అంతా అతను మెమోలు ముందేసుకుని కూర్చున్నాడు. చెడ్డ నిబంధనను కోపంతో చదివితే ఏమీ కనపడదు, కంపోజింగులో తప్పులు వెతికినట్టు వేలు పెట్టి చదవాలి. చెరపరాదని ఉంది. మార్చరాదని ఉంది. మొదటిసారికి అనుమతి అక్కర్లేదని ఉంది.

ముప్పై ఒకటి మధ్యాహ్నం మూడున్నరకు అతను గ్రంథాన్ని అట్లాగే ఇంకొక పేరుతో నకలు తీశాడు. కొత్త పేరు. కొత్త గ్రంథం. దానికి పాత చీటీ లేదు. తాళం వేసిన చీటీ అట్టపెట్టెలో క్షేమంగా ఉంది. ఎవరూ దేన్నీ చెరపలేదు.

మీట నొక్కాడు. యంత్రం ఎక్కడా ఆగకుండా రెండు వందల పన్నెండు పేజీలు కట్టి ఇచ్చింది. ఆ వెంటనే, పుట్టిన కొత్త చీటీ మీద తాళం పడింది.

చెంచులక్ష్మి మొదటి పేజీ తిప్పింది. "విషయసూచిక" అని ఉంది. కింద ఏమీ లేదు. ఇంకో నాలుగు పేజీలు తిప్పింది.

"బాబాయ్, ఇదేంది? 'అధ్యాయం ??లో చెప్పినట్లు.' 'సమీకరణం ?? నుండి.' ఎక్కడ చూసినా రెండేసి ప్రశ్నలు."

"చెప్పాగా. ఇది కొలత. అంకెలు చీటీలోకి ఎక్కినయి, గ్రంథంలోకి రెండోసారి నడిపితే వస్తయి. రెండోసారి నడిపితే చీటీ మారిద్ది. మారిస్తే కమిటీ."

"ఎన్నున్నయి ఇట్టాంటియి?"

"మూడు వందల పదిహేడు."

ఆమె అచ్చు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇంట్లో నా కంప్యూటర్లో ఒకటికి రెండుసార్లు నడిపి చూసుకున్నా. అన్ని అంకెలూ ఉన్నయి."

"దాని మీద ఈ గది నంబరు లేదు." రాఘవులు గోడగడియారం చూశాడు. "నాలుగున్నరవుతంది తల్లీ. రసీదు కావాలా, అంకెలు కావాలా?"

ఆమె లేచింది.

సమర్పణకు డిప్యూటీ రిజిస్ట్రార్ సంతకం కావాలి. సర్వోత్తమరావు గారు కలం తీసి, ఒక పేజీ దగ్గర ఆగారు.

"ఈ ప్రశ్నార్థకాలేమిటి?"

"తమరి నిబంధన ప్రకారం వచ్చినయి సార్," అన్నాడు రాఘవులు. "అది లేకపోతే ఒక్కటి కూడా ఉండేది కాదు."

నిబంధన ప్రకారం అన్న మాట వినగానే ఆయన ముఖం తేటపడింది. సంతకం చేశారు. నాలుగు యాభై రెండుకు చెంచులక్ష్మి చేతిలో రసీదు పడింది.

ఐదు నెలల తర్వాత పరీక్షకుల నివేదికలు వచ్చాయి. ముగ్గురిలో ఇద్దరు గ్రంథం చదివిన జాడ లేదు, బాగుందన్నారు. మూడో ఆయన చదివాడు. ఆయన ఇట్లా రాశాడు: "పరిశోధకురాలు తన నిర్ణయములలో ఏ ఒక్కదానిని కూడా అంతిమమని ప్రకటింపక, ప్రతి ఆధారమును ప్రశ్నార్థకముగనే నిలిపినారు. ఇంతటి శాస్త్రీయ వినయము నేటి తరములో అరుదు." మౌఖిక పరీక్షలో కూడా ఆయన అదే ఎత్తారు.

"ఈ పద్ధతి మీకు ఎట్లా తట్టిందమ్మా?"

చెంచులక్ష్మి నిలబడి నిజం చెప్పింది. "తట్టలేదండీ. రెండోసారి నడపనివ్వలేదు."

ఆయన నవ్వి, ఇది కూడా వినయమేనని రాసుకున్నారు. డాక్టరేటు ఇచ్చారు. ఆ నివేదిక సెనేటులో చదివించారు. మరుసటి నెలలో మెమో: ఇకమీదట సమర్పించు ప్రతి సిద్ధాంత గ్రంథమునందు నలభైకి తక్కువ కాకుండా ప్రశ్నార్థకములు ఉండవలెను. కరీముల్లా దాన్ని కూడా ఎప్పటి గొంతుతోనే చదివాడు.

చెంచులక్ష్మి ఆమోదముద్ర ఉన్న ప్రతిని కాలువల ఇంజినీరుకు పంపింది. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. తమరి సిఫారసు అమలుపరచడమైనది, తలుపులు పట్టిక ?? ప్రకారము ఎత్తబడినవి, అని. కాలువ చివర మాత్రం చుక్క లేదు.

ఆమె ఆ కాగితం పట్టుకుని రాఘవులు గదికి వచ్చింది. రాఘవులు దాన్ని రెండుసార్లు చదివి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. పన్నెండేళ్లలో మొదటిసారి సెలవుచీటీ రాసి కరీముల్లా బల్ల మీద పెట్టాడు. కరీముల్లా కారణం అడగలేదు. "పోయిరా అన్నా," అన్నాడు.

ఇంజినీరు దామోదరం గది కాలువ గట్టు మీదే ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. కుర్చీలు వేయించాడు. గ్రంథం బల్ల మీదే ఉంది, ముద్ర వేసిన పేజీ పైకి కనపడేట్టు.

"పట్టిక రెండు ప్రశ్నల ప్రకారం ఎత్తామన్నారు," అంది చెంచులక్ష్మి. "ఎంత ఎత్తారండీ?"

"ఎప్పుడూ ఎత్తేంతే."

"అది పట్టిక ఇరవై ఏడండీ. నూట నలభయ్యో పేజీ."

"ఇరవై ఏడు చూశానమ్మా. మంచి పట్టిక. రోజువారీగా అంగుళాలతో సహా ఉంది." ఇంజినీరు గ్రంథం తెరిచి చూపించాడు. "కానీ ఎత్తాల్సింది ఆ పట్టిక ప్రకారమేనని ఎక్కడా లేదే? ఇదుగో, పట్టిక ?? చూడుము. ఇరవై ఏడంటే ఇరవై ఏడని ఉండాలి. పై ఊళ్లవాళ్లు వచ్చి ఎవరు చెప్పారయ్యా నీకు ఇరవై ఏడని అంటే, నేనేం చూపించాలి?"

"నేను చెప్తున్నానుగా. రాసింది నేనే."

"మీరు చెప్తే సరిపోదమ్మా. మీరు రాసింది చెప్పాలి."

చెంచులక్ష్మి సంచిలోంచి తన ఇంటి ప్రతి తీసింది. అందులో అంకెలన్నీ ఉన్నాయి. ఇంజినీరు దాన్ని ముట్టుకోకుండానే అడుగున చూశాడు. యంత్రం నంబరు లేదు.

"కూర్చింది నేను," అన్నాడు రాఘవులు. అదే అతను మొదటిసారి నోరు విప్పడం. "అంకెలు నాకు తెలుసు. పెన్సిలుందా?"

ఇంజినీరు అతన్ని చూశాడు. బల్ల మీదున్న గ్రంథాన్ని చూశాడు. కిటికీలోంచి, పై ఊళ్ల వైపు నిండుగా, కింది ఊళ్ల వైపు ఎండుగా ఉన్న కాలువను చూశాడు.

"పెన్సిలు డ్రాయర్లో ఉంటది," అన్నాడు లేస్తూ. "నేను టీకి పోతున్నా. ఆఫీసు కాగితాల మీద ఎవరన్నా ఏదన్నా రాస్తే నేను ఒప్పుకోను. నేను చూస్తే."

"మాకు కాస్త ఎక్కువసేపు పడతది సార్," అన్నాడు రాఘవులు.

"ఒక్క అంకెకేగా?"

"ఒక్కచోట చేతిరాత ఉంటే దిద్దినట్టుంటది. అన్నిచోట్లా ఉంటే పద్ధతిలా ఉంటది."

ఇంజినీరు ఆ మాట తలూపి ఒప్పుకున్నాడు. తానూ ఆఫీసు మనిషే. తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

చెంచులక్ష్మి తన ప్రతి చూసి అంకె చదివింది. రాఘవులు రాశాడు. సీసపు అక్షరాల నాటి చెయ్యి, ఏ అంకె పక్క అంకె కన్నా పొడవు కాలేదు. ఇంజినీరు మూడు టీలు తాగి, ఒకసారి తొంగిచూసి, నాలుగోది కూడా తాగి వచ్చాడు. పుస్తకం తెరిచి, "ఇదేందీ, పట్టిక ఇరవై ఏడు అని ఉందే," అన్నాడు. అని, తూము తలుపులెత్తే లస్కరుకు ఫోన్ చేసి పట్టికలో ఆ రోజుకున్న అంగుళాలు చదివి వినిపించాడు.

మూడు వందల పదిహేడు అంకెలు రాయడానికి రాఘవులుకు రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. రెండోసారి మీట నొక్కనిస్తే యంత్రం అదే పనిని పదకొండు సెకన్లలో చేసేది.